కిష్టయ్య అంగి

నాకు ఏడవడం ఎవరు నేర్పారని మద్రాసులో సినిమా పత్రికల వాళ్ళు మూడు నాలుగు సార్లు అడిగారు. అడిగినప్పుడల్లా "దేవుడిచ్చిందండీ" అని చెప్పాను. చెప్పేటప్పుడు చేతులు కూడా జోడించేదాన్ని. ఒక పత్రికలో ఆ బొమ్మే వేశారు. కింద "భగవంతుడే నా గురువు అంటున్న అరుంధతి" అని రాశారు. అరుంధతి నిర్మాత పెట్టిన పేరు. నా పేరు ఆండాళు. మాది సూర్యాపేట.

నేను హీరోయిన్ను కాను. పోస్టర్ల మీద నా మొహం ఎప్పుడూ పడలేదు. నావన్నీ ఏడుపు వేషాలు. కొడుకు పోయిన తల్లి, మొగుడు పోయిన వదిన, ఇల్లు వేలానికి వచ్చిన పెద్దకోడలు. ఇరవై రెండేళ్ళకే తలకు తెల్ల రంగు పూశారు. పదకొండేళ్ళలో ముప్పై ఏడు సినిమాల్లో ఏడ్చాను. కెమెరా ఎడమవైపు ఉంటే ఎడమకంటి నీరు ముందు కారాలనేవాళ్ళు. అదీ కారేది. షాటు అయిపోగానే లైట్లు ఆర్పేసి అందరూ టీలకు వెళ్ళిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఏడ్చాక వచ్చే తలనొప్పి సాయంత్రం దాకా ఉండేది. అది దొంగ ఏడుపని తలకు తెలియదు కదా.

1971లో ఇక చాలనిపించి మానేశాను. మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న నాగేశ్వర్ రావు గారు, భార్య పోయి ఆరేళ్ళయిన మనిషి, తెలిసినవాళ్ళ ద్వారా అడిగించారు. ఆయన నా సినిమా ఒక్కటే చూశారట, అదీ సగంలో నిద్రపోయారట. ఆ మాట విన్నాకే ధైర్యంగా సరేనన్నాను. పెళ్ళయ్యాక నా రోజు చిన్నదైంది. పొద్దున్నే స్నానం, తులసికి నీళ్ళు, నరసింహస్వామి పటం ముందు దీపం, తర్వాత వంట. సాగరు కాలువ నీళ్ళు వచ్చాక చుట్టుపక్కలంతా వరే. మిల్లు ఆగేది కాదు. ఊక దుమ్ము ఎగిరొచ్చి పూజ పటాల మీద కూడా పడేది. రోజూ వాటిని తుడవడం నాకిష్టంగా ఉండేది. ఎవరూ చూడని పని ఒకటి దొరికిందని.

1975 వైశాఖంలో ఒకరోజు తెల్లవారుజామున మిల్లుకు ఫోన్ వచ్చింది. మా ఆయన ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఆండాళూ, అత్తమ్మ పోయిందంట. మీ తమ్ముడు జగదీశ్ ఫోన్ చేసిండు. నిద్రలనే పోయిందంట. బిడ్డ వచ్చినంకనే ఎత్తుతమన్నడు. లే, పోదాం."

నేను పొయ్యి మీది పాలు దించాను. దీపంలో వత్తి కొండెక్కుతుంటే ఎగదోశాను. చావు కబురు విన్నాక దీపం ముట్టకూడదని అప్పుడు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏడుపు రాలేదు. రాలేదన్న సంగతి వెంటనే గమనించాను కూడా. ఎప్పుడొస్తుందో అని లోపలికి చూసుకుంటూ ఉండడం నాకు పనిలో పడ్డ అలవాటు.

ఆ వేళకు సూర్యాపేటకు నేరుగా బస్సు లేదు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్ళి అక్కడ మారాలి. కిటికీ పక్కన కూర్చుని అమ్మ మొహాన్ని తలుచుకుందామనుకున్నాను. అమ్మ రాలేదు. సత్యమ్మ వచ్చింది.

సత్యమ్మ మా ఇంటి వెనక గుడిసెలో ఉండేది. షావుకారి ధాన్యం కొట్టులో చాట పట్టి చెరగడం ఆమె పని. మొగుడు ఎటో వెళ్ళి మళ్ళీ రాలేదు. ఒక్కడే కొడుకు కిష్టయ్య. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ పిల్లవాడు మూడు రోజుల జ్వరంతో పోయాడు. వాడికి తొమ్మిదేళ్ళు. మా వైపు ఆడవాళ్ళు చావు దగ్గర ఊరికే ఏడవరు. శోకం పెడతారు. పోయిన మనిషి ఏం తిన్నాడో, ఏమన్నాడో, దేనికి ఆశపడ్డాడో అన్నీ రాగంలో చెప్పుకుంటూ ఏడుస్తారు. సత్యమ్మ ఆ రోజు అంగి గురించి ఏడ్చింది. చొక్కాను మేము అంగి అంటాం. దసరాకు కొన్న అంగి వాడికి వదులైందని, వచ్చే ఏడు తొడుగుదామని మడిచి పెట్టెలో పెట్టిందట.

"పెద్దగయిందని దాస్తి గద కొడుకా... పెరుగుతవని దాస్తి గద కొడుకా... అంగి అట్లనె ఉన్నది కొడుకా... నువ్వేడబోతివి కొడుకా..."

అరచేత్తో నేలను అటూ ఇటూ రుద్దుతూ, మధ్యలో చీర చెంగు పళ్ళ కింద పెట్టి కొరుకుతూ ఏడ్చింది. నేను గుంజ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అమ్మ నన్ను చూసి "ఇంటికి పో" అని గద్దించింది. వెళ్ళిపోయాను. కాని చూసినంతవరకు నాలో ఉండిపోయింది, రాగంతో సహా. ఆ తర్వాత దొడ్డిలో సావాసగత్తెల ముందు ఆ శోకం చేసి చూపించేదాన్ని. మొదట నవ్వేవాళ్ళు. తర్వాత నిజంగా ఏడ్చేవాళ్ళు. అది తప్పని అప్పుడు తెలియదు. తెలిసే వయసు వచ్చాక తెలియనట్టు ఉన్నాను.

1956లో, రెండు రాష్ట్రాలు కలిసిన ఏడు, విజయవాడ నుంచి ఒక నాటకాల కంపెనీ వచ్చి సూర్యాపేటలో దిగింది. అప్పటికి నాన్న లేడు. ఇంట్లో గడవని రోజులు. అమ్మ ఒప్పుకుంది. అలా నాటకాల్లోకి, రెండేళ్ళకు మద్రాసుకు. అక్కడ నా మాట పనికిరాదన్నారు. "సూడు" కాదు, "చూడు" అనాలి. "గిట్ల" కాదు, "ఇలా". ఏడాది పాటు మాట దిద్దుకున్నాను. చివరికి కలలో కూడా అలాగే మాట్లాడేదాన్ని.

1961లో బిడ్డ పోయిన తల్లి వేషం వచ్చింది. గ్లిజరిన్ వేసుకుని ఎంత ఏడ్చినా డైరెక్టరుకు నచ్చలేదు. నాలుగు టేకులయ్యాయి. ఫిల్ము దండగని నిర్మాత గొణుగుతున్నాడు. ఐదోసారి నేను నేల మీద చతికిలబడి అరచేత్తో నేలను రుద్దాను. చెంగు కొరికాను. ఆ రాగమే ఎత్తాను. అంగిని చొక్కా అన్నాను, అంతే తేడా. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆయన దగ్గరికొచ్చి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

సత్యమ్మ పేరు నోటిదాకా వచ్చింది. చాట చెరిగే మనిషి పేరు అంతమంది ముందు చెప్పడం నామోషీ అనిపించింది. "దేవుడిచ్చిందండీ" అన్నాను. ఆ మాట మొదటిసారి అన్నది అప్పుడే.

మరుసటేడు ఆ సినిమా సూర్యాపేటలో టెంటులో ఆడింది. "మా ఆండాళు ఏషమేసింది, సూద్దురా" అని అమ్మ సత్యమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు నేల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తెర మీద నేను నేల రుద్దడం మొదలుపెట్టాను. చొక్కా మాట వినగానే సత్యమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మ ఆ రోజు ఇంటికి వచ్చి తలస్నానం చేసిందట, తెర మీదిదైనా చావు ఏడుపే కదా అని.

ఆ తర్వాత ఊరికి వచ్చినప్పుడల్లా అమ్మది ఒకటే మాట. "ఒక్కపారి పోయి సత్తెమ్మ కాళ్ళు పట్టుకోరాదె. నీదేం పోతది?" రేపు వెళతాననేదాన్ని. బస్సు వేళయిందనేదాన్ని. పదమూడేళ్ళు గడిచాయి.

కోదాడలో దిగితే సూర్యాపేట బస్సుకు అరగంట ఉందన్నారు. మా ఆయన టీ తేవడానికి బండి దగ్గరికి వెళ్ళారు. బండి నడిపే ఆమె ఆయన భుజం మీదుగా నన్ను చూసి, చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

"ఏవండీ, మీరు అరుంధతి గారు కదండీ? ఆ ఏడ్చే ఆవిడ?"

"అవునమ్మా."

"అబ్బ, ఎంత ఏడిపించారండీ బాబూ! మా అత్త పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదండి. మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు." మరీ దగ్గరికి జరిగింది. "ఒక్కసారి, ఆ చొక్కా ముక్క ఒక్కటి అనండి. నా కోసం."

మా ఆయన గ్లాసులు పట్టుకుని వచ్చారు. "ఆమె తల్లి పోయిందమ్మా. గాడికే పోతున్నం" అన్నారు.

ఆమె మొహం వాడిపోయింది. "అయ్యో, తెలీదండీ, తప్పైపోయింది" అని రెండుసార్లు అంది. బండి దగ్గరికి వెళ్తూ, పక్కన నిలబడ్డ ఆడమనిషితో జాలిగానే అంది. "సొంత తల్లంట. పాపం, ఇవాళ ఎంత ఏడుస్తుందో."

అప్పటిదాకా నాకు తట్టలేదు. సూర్యాపేటలో కూడా అందరూ అదే చూడ్డానికి ఎదురుచూస్తుంటారని.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మా వీధి నిండా జనం. అమ్మ పెద్దమనిషే కాని ఇంతమంది చుట్టాలు మాకు లేరు. పిల్లలు ప్రహరీ గోడెక్కి కూర్చున్నారు. నేను రిక్షా దిగగానే గోల సద్దుమణిగింది. టెంటులో బొమ్మ మొదలయ్యే ముందు అలాగే అవుతుంది. నాకు దారి ఇచ్చారు.

వాకిట్లో చాప మీద అమ్మ. మీద తెల్ల దుప్పటి. మరదలు సుగుణ వచ్చి నా మెడ పట్టుకుని శోకం ఎత్తింది. మాలో అది పద్ధతి. ఒకరు మెడ పట్టుకుని ఎత్తుకుంటే రెండోవాళ్ళు అందుకోవాలి. నేను అందుకోలేకపోయాను. సుగుణ రెండు వరసలు ఏడ్చి, ఒంటరిగా ఇక సాగక ఆపేసింది. తర్వాత ఒకామె వచ్చి పట్టుకుంది. ఆ తర్వాత ఇంకొకామె. ప్రతి ఒక్కరూ ఎత్తుకోవడం, నా గొంతు కోసం ఆగడం, మెల్లగా వదిలేసి పక్కకు పోవడం.

"వదినె, ఏదన్న అనరాదు" అని సుగుణ చెవిలో అంది. "జనం నన్నంటరు. కోడలు ఏం మందు వెట్టిందో, బిడ్డకు కన్నతల్లి మీద కూడ ఏడుపు రాలేదంటరు."

"వస్తలేదు సుగుణా."

"సినిమల రాలె?"

ఆ మాట కోపంతో అన్నది కాదు. ఆమె నిజంగానే అడిగింది.

అమ్మ పక్కన కూర్చున్నాను. మొహం చూశాను. చిన్నగా అయిపోయింది. నోరు తెరిచాను. రాగం వచ్చింది. కాని అది ఆ రాగమే. చెయ్యి దానంతటదే నేల మీదికి వెళ్ళి రుద్దడం మొదలుపెట్టింది. "నన్ను పెంచితివి గద అమ్మా..." అన్నానో లేదో, వెనక నుంచి ఒక గొంతు సంతోషంగా, "గదే! సినిమల గిట్లనే ఏడ్సింది, గదే!" అంది. ఇంకెవరో "జర ముందుకు జరుగుండ్రి, కనవడ్తలేదు" అన్నారు.

నోరు మూసుకున్నాను. అరచేయి ఒళ్ళోకి తీసుకున్నాను.

కులపెద్ద ఒకాయన గోడ నీడలో కూర్చుని చుట్ట ఆర్పాడు. "ఏం జగదీశ్, బిడ్డ శోకం లేకుండ తల్లిని ఎట్ల ఎత్తుతర్ర? పొద్దుగూకక ముందు పోవాలె మరి" అన్నాడు. తమ్ముడు నా వైపు చూసి తల దించుకున్నాడు. పదిహేనేళ్ళు మా ఇల్లు నా ఏడుపు మీద గడిచింది. వాడి చదువు, ఈ ఇల్లు, అమ్మ మందులు. ఈ ఒక్క పూట ఏడుపు మాత్రం నేను తేలేకపోయాను. అమ్మ ఏడ్చేవాళ్ళు లేని మనిషిలాగా వెళ్ళిపోతుందేమోనని అప్పుడు భయం పుట్టింది.

స్నానానికి నీళ్ళు కాగాయేమో చూస్తానని లేచి, ఇంట్లోంచి దొడ్లోకి నడిచాను. నిజానికి అక్కడి నుంచి పారిపోయాను.

దొడ్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కాగు. పొయ్యి ముందు ఒకామె కూర్చుని కందికట్టె లోపలికి తోస్తోంది. వీపు వంగింది. భుజం ఒకటి కిందికి జారింది, చాట పట్టీ పట్టీ. వీపును చూసే గుర్తుపట్టాను.

"సత్తెమ్మత్తా."

ఆమె తల తిప్పలేదు. "నీళ్ళు ఇంక కాగలె. జర ఆగు."

"ఎప్పుడొచ్చినవ్?"

"పొద్దుగాల్నే. మీ అమ్మ, మా నర్సక్క పోయినంక నేను రాకుంటెట్ల? దొడ్డి దిక్కుకెల్లి వచ్చిన. మీ గడప తొక్కనన్న గని దొడ్డి తొక్కనన్లే."

నేను ఆమె పక్కన చతికిలబడ్డాను. పొగ కళ్ళలోకి వచ్చింది. ఆ పొగకు కూడా నీళ్ళు రాలేదు.

"అత్తా, నాకు ఏడుపొస్తలేదు."

అప్పుడు చూసింది నన్ను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎట్లొస్తది? ఉన్నదంత తెర మీద వొంపితివి."

"తప్పయింది. గా శోకం నీది. నేను తీస్కపోయిన. ఎవ్వలకు నీ పేరు చెప్పలె. దేవుడిచ్చిండని చెప్పిన."

"దేవుడా?" కట్టె తోస్తున్న చెయ్యి ఆగింది. "అంటె, దేవుడు నా కిష్టిగాన్ని తీస్కపోయి నీకు సినిమ ఇచ్చిండా? మంచిగనె ఉన్నది."

నేను రోజూ దీపం పెట్టే మనిషిని. ఆ మాట విన్నప్పుడు స్వామి మీద కోపం రాలేదు, సత్యమ్మ మీదా రాలేదు. చేతులు జోడించి తీయించుకున్న ఆ బొమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది.

సత్యమ్మ మళ్ళీ కట్టె తోసింది. "శోకం సంగతి నేనేం అన్లే బిడ్డా. గది నాకు మా అమ్మ దగ్గర్కెల్లి వచ్చింది. ఆమెకు ఎవల దగ్గర్కెల్లి వచ్చిందో. ఏడ్సుడు అందరిది. గా అంగి ముచ్చటెందుకు చెప్పినవే? గది కిష్టిగానిది. టెంటుల మొగము తెల్వనోళ్ళంత వాని అంగికి ముక్కులు చీదుతుంటె, నా పెట్టె తాళం తీసి బజార్ల బోర్లేసినట్టయింది. వాని పేరు గూడ చెప్పకపోతివి. ఇంకెవలో పోరనికి తొడిగితివి."

ఆమె కాళ్ళు పట్టుకున్నాను. అవి బూడిద పట్టి ఉన్నాయి. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, లెమ్మనీ అనలేదు. నేనే కాసేపటికి లేచాను.

"ఇంగోటి" అంది. "నువ్వు ఆఖరిదాంక సూడలె. సినిమల గూడ గాడ్నే ఆపినవ్. ఏడ్సి ఏడ్సి పడిపోయినట్టు."

"అమ్మ నన్ను ఇంటికి పొమ్మన్నది గద."

"ఎందుకన్నదో ఎర్కనా? నేను పడిపోలె. లేసి బావి దిక్కు ఉరికిన. మీ అమ్మ ఎన్క ఉరికొచ్చి కొప్పు వట్టి గుంజింది. తెచ్చి కూసవెట్టింది. ఏడ్వలె. ఊకో అన్లే. దువ్వెన తెచ్చి నా తల దువ్వుకుంట కూసున్నది. నూనె వెట్టొద్దు గద, ఉత్త దువ్వెన. చిక్కు తీసుడు, దువ్వుడు. పొద్దుగూకేదాంక గంతే. చెయ్యి ఇడిస్తె నేను మళ్ళ ఉరుకుతనని."

అమ్మ ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. "కాళ్ళు పట్టుకో" అంది కాని, తను ఏం చేసిందో అనలేదు.

"నాకు ఒక్కసారి గూడ చెప్పలె" అన్నాను.

"చెప్తె నువ్వు గది గూడ సినిమల ఏస్తవనుకున్నదేమొ."

ఈసారి ఆమె కొంచెం నవ్వింది. అది దెప్పడమో, నవ్వుకోవడమో నాకిప్పటికీ తెలియదు.

కాగులో నీళ్ళు మసలాయి. సత్యమ్మ చెంగు చేతికి చుట్టుకుని కాగు ఒక పక్క పట్టింది. "పా" అంది. నేను రెండో పక్క పట్టాను. దొడ్డి గుమ్మం దాటి ఇంట్లోకి, ఇంట్లోంచి వాకిట్లోకి నడిచాం. గడప దగ్గర ఆమె ఆగలేదు. నీళ్ళు తొణకకుండా చూసుకుంటూ దాటింది.

అమ్మ చుట్టూ చీరలు అడ్డం పట్టారు. లోపల నేను, సుగుణ, సత్యమ్మ. గూట్లోంచి అమ్మ దువ్వెన తెమ్మని సత్యమ్మే అడిగింది. కట్టె దువ్వెన. పళ్ళు నాలుగు విరిగాయి. మిగిలిన పళ్ళలో నిన్నటి తెల్ల వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. సత్యమ్మ దాన్ని నా చేతికిచ్చి, "దువ్వు" అంది.

అమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నాను. జుట్టు ఎంత పలచబడిందో. మెడ దగ్గర ఒక చిక్కు పడి ఉంది. దువ్వెన అక్కడ ఆగింది. లాగితే నొప్పి పుడుతుందని, చిన్నప్పుడు అమ్మ నాకు చేసినట్టే, జుట్టు మొదట్లో రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని మెల్లగా తీశాను. తీశాక తెలిసింది, ఇక ఆమెకు నొప్పి పుట్టదని.

అప్పుడు వచ్చింది. ఏ కన్ను ముందో నాకు తెలియదు. నోరు వంకర పోయింది. ముక్కు కారింది. గొంతులోంచి రాగమేమీ రాలేదు. ఊపిరి మాత్రం ఎగదన్నుతూ వచ్చింది. నేను దువ్వుతూనే ఉన్నాను. సుగుణ చెంబుతో నీళ్ళు పోస్తూ నన్ను చూసి, చూపు తిప్పుకుంది.

చీర అవతల గొంతులు వినిపించాయి.

"ఏడుస్తున్నదా?"

"ఏమో. సప్పుడు లేదు."

"గింతేనా? గింత ఎండల గిందుకా మనమొచ్చింది?"

గోడ మీది పిల్లలు ఒక్కొక్కరే దూకేస్తున్న చప్పుడు. అడ్డం పట్టిన చీరలు తీసేసరికి వీధిలో జనం సగమయ్యారు. మిగిలినవాళ్ళు చుట్టాలు, ఇరుగుపొరుగు. అమ్మకు ఎంతమంది ఉండాలో అంతమందే.

ఎత్తే ముందు సత్యమ్మ అమ్మ తల దగ్గర కూర్చుని శోకం అందుకుంది.

"చిక్కు తీసిన చేతులే నర్సక్కా... నన్ను ఇడవని చేతులే నర్సక్కా... నూనె లేని తల దువ్వితివే నర్సక్కా..."

అదే రాగం. మాటలు మాత్రం అమ్మవి. నేను వరస ఎత్తుకోలేదు. ఆమె ఒక్కో వరస ముగించే చోట "అమ్మా" అని మాత్రం కలిపాను. గొంతు బొంగురు పోయింది. మద్రాసులో అయితే మళ్ళీ తీయించేవాళ్ళు. కులపెద్ద లేచి కండువా దులుపుకుని, "ఇగ ఎత్తుండ్రి" అన్నాడు.

పదకొండో రోజు దాకా పుట్టింట్లోనే ఉన్నాను. పెళ్ళైన బిడ్డకు మూడు రోజులు చాలన్నారు. అయినా ఉన్నాను. సత్యమ్మ రోజూ దొడ్డి వైపు నుంచే వచ్చేది. ఏదో ఒక పని చేసి వెళ్ళేది. ఆ అంగి ఇంకా పెట్టెలో ఉందా అని అడగాలని చాలాసార్లు అనిపించింది. అడగలేదు.

బయల్దేరే రోజు ఆమె గుడిసె దగ్గరికి నేనే వెళ్ళాను. గుమ్మం ముందు చాటలో మినుములు చెరుగుతోంది.

"పోయొస్త అత్తా."

"మంచిది." రాళ్ళు ఏరి అవతల పడేసింది. నేను వెనక్కి తిరిగాక, "ఓ పిల్లా" అని పిలిచింది. "మళ్ళెన్నడన్న గా అంగి ముచ్చట చెప్పవల్సొస్తె, పేరు వెట్టి చెప్పు. కిష్టయ్య అంగి అని చెప్పు."

నాకు ఏడుపు దేవుడే ఇచ్చాడేమో, కాదనడానికి నేనెవరిని? మిర్యాలగూడలో ఇప్పటికీ రోజూ దీపం పెడుతున్నాను. కాని ఆయన ఎవరి ఇంట్లోంచి తీసి ఇచ్చాడో నాకు తెలుసు. ఆయన చెప్పడు. నేను చెప్పాలి. అంత చిన్న సంగతి తెలియడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందని స్వామిని అడుగుతుంటాను.

తిరుగు దారిలో మళ్ళీ కోదాడలో బస్సు మారాం. టీ బండి ఆమె దూరం నుంచే గుర్తుపట్టింది. ఈసారి అడక్కుండానే రెండు గ్లాసులు తెచ్చింది. అమ్మ సంగతి అడిగి, అన్నీ సవ్యంగా జరిగాయా అని అడిగి, వెళ్ళలేక అక్కడే నిలబడింది. ఆమెకు ఏం కావాలో నాకు తెలుసు.

"ఆ చొక్కా ముక్క నాది కాదమ్మా" అన్నాను. "అది కిష్టయ్య అంగి."

"కిష్టయ్యా? ఎవరండీ ఆయన? ఏ సినిమాలో వేశాడు?"

"ఏ సినిమాలోనూ వెయ్యలేదు. సూర్యాపేటలో మా ఇంటి వెనక ఉండేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. వాళ్ళమ్మ సత్యమ్మ ఇంకా ఉంది."

ఆమె గరిటె బండి మీద పెట్టి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.